ఒకే ఇల్లు, ఇద్దరి జ్ఞాపకాలు

మా అమ్మకీ పెద్దమ్మకీ వయసులో రెండేళ్లే తేడా. ఒకే ఇంట్లో పుట్టారు, ఒకే మంచం మీద నిద్రపోయారు, ఒకే పలక మీద వంతులేసుకుని అక్షరాలు దిద్దారు. తాతయ్య ఇద్దర్నీ సమానంగానే చూశారని ఇద్దరూ ఒప్పుకునేవారు. చదువు కూడా ఇద్దరికీ ఒకే తరగతి దగ్గర ఆగిపోయింది. అయినా పెద్దతనంలో ఆ చిన్ననాటి జ్ఞాపకాలు అమ్మకి ఊపిరి పోశాయి, పెద్దమ్మని కుంగదీశాయి. ఇద్దరి మాటలూ వింటూ పెరిగినవాణ్ణి నేను. ఇప్పుడు ఇద్దరూ లేరు. వాళ్ల దగ్గర నేను చూసింది రాయాలని చాలాకాలంగా ఉంది.

సెలవులొస్తే పెద్దమ్మ మా ఇంటికి వచ్చేది. పనులన్నీ అయ్యాక సాయంత్రం ఇద్దరూ వరండాలో కూర్చునేవారు. ఇక మొదలు. ఆ పాత ఇంటి మేడగది, చెట్టుకి కట్టిన ఉయ్యాల, తాతయ్య కిర్రు చెప్పులు, అమ్మమ్మ కోపం. పిల్లలం చుట్టూ చేరేవాళ్లం. ఎన్నిసార్లు విన్నా మళ్లీ వినాలనిపించేది.

అందులో ఒక వానరాత్రి కథ ఉంది. పాత ఇల్లు కదా, కప్పు నాలుగైదు చోట్ల కారుతోంది. కారని మూల ఒక్కటే మిగిలితే ఇంటిల్లిపాదీ ఆ మూలకి చేరారు. అమ్మమ్మ చేతికందిన గిన్నెలన్నీ తెచ్చి నీళ్లు పడేచోటల్లా పెట్టింది. తాతయ్య లాంతరు దగ్గరికి జరుపుకుని కథ మొదలుపెట్టారు. మా చిన్న మామయ్య, అంటే వాళ్లిద్దరి తమ్ముడు, అప్పటికి ఐదారేళ్లవాడు. ఇంట్లోనే గొడుగు విప్పి నెత్తిమీద పట్టుకుని కూర్చున్నాడు. కథ సగంలో ఉండగా అలా గొడుగు పట్టుకునే నిద్రపోయాడు.

అమ్మ ఈ కథ చెప్పేటప్పుడు చెయ్యి పైకెత్తి, తల పక్కకి వాల్చి, తమ్ముడు ఎలా నిద్రపోయాడో చేసి చూపించేది. ఏ గిన్నెలో చినుకు ఏ చప్పుడు చేసిందో నోటితో చేసి వినిపించేది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, నా వైపు చూసి, "వీడు నిద్రపోతుంటే చూడక్కా, అచ్చం మన తమ్ముడే" అనేది. నేను పుట్టకముందే పోయిన ఆ మామయ్య అలా నాకు దగ్గరయ్యాడు. ఎక్కడో అయిపోయిన రాత్రి నా మొహం దాకా వచ్చి ఆగేది.

పెద్దమ్మ అదే కథని అదే చోట వింటూ, తానూ రెండు మాటలు కలిపి, చివరికి నిట్టూర్చేది. "ఆ రోజులే వేరే. ఆ మనుషులే వేరు. ఇప్పుడు ఇంటి కప్పు కారదు, పలకరించే మనిషీ ఉండడు."

పలకరించే మనిషి ఉండడు అన్న మాట నేను మరిచిపోలేను. ఎందుకంటే ఒకరోజు పెద్దమ్మ ఆ మాట అన్నప్పుడు మా అన్నయ్య, ఆమె కొడుకు, గుమ్మంలోనే ఉన్నాడు. తల్లిని తీసుకెళ్లడానికి ఉద్యోగానికి సెలవు పెట్టుకుని వచ్చాడు. బయటికి రాబోయి ఆగాడు, వెనక్కి లోపలికి వెళ్లిపోయాడు. కాసేపటికి మామూలుగా వచ్చి, "అమ్మా, సామాను సర్దుకున్నావా?" అని అడిగాడు. పెద్దమ్మకి వాడు విన్న సంగతి తెలియదు. తెలిస్తే విలవిల్లాడిపోయేది, ఆమెకి వాడంటే ప్రాణం. కానీ పోయినవాళ్లతో మాట్లాడుతున్నంతసేపూ పక్కనున్నవాళ్లు ఆమె కంటికి ఆనేవారు కాదు. గతంలో మునిగి ఉండటం వల్ల ఆ మనిషికి సంతోషం తగ్గుతుందని అందరూ అంటారు. ఆ మనిషి కోసం ఎదురుచూసే వాళ్ల సంగతి ఎవరూ అనరు. నేను అన్నయ్య మొహంలో చూసింది అదే.

ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరికీ ఒకే సలహా ఇచ్చేవారు. పాతవి తవ్వుకోకండి, మనసు పాడవుతుంది అని. డాక్టర్లు కూడా ఒకప్పుడు అలాగే అనుకునేవారు. ముసలివాళ్లు పదేపదే పాత సంగతులు చెబుతుంటే అది మెదడు మందగించడానికి గుర్తని భావించి, మాట మళ్లించమని ఇంట్లోవాళ్లకి చెప్పేవారు. 1963లో అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ ఆ అభిప్రాయాన్ని ఎదిరించాడు. చివరి వయసులో మనిషి తన బతుకునంతా వెనక్కి తిరిగి చూసుకోవడం సహజమనీ, అవసరమనీ అన్నాడు. ఆయన అక్కడితో ఆగలేదు. ఆ చూపు కొందరికి శాంతినిస్తే మరికొందరిని పశ్చాత్తాపంలోకీ దిగులులోకీ నెట్టగలదని కూడా చెప్పాడు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా వరండా కళ్లముందు మెదిలింది. అమ్మని మాట్లాడనివ్వడం మంచిదే, పెద్దమ్మనీ మాట్లాడనివ్వాల్సిందే. మాట్లాడాలా వద్దా అన్నది కాదు ప్రశ్న. ఆ మాటలు ఏ దారిన పోతున్నాయన్నదే.

ఒక్క తేడా మాత్రం ఉంది, దాన్ని దాటేసి వెళ్లలేను. చిన్న మామయ్య కాలేజీలో చేరిన ఏడాది జబ్బు చేసి పోయాడు. అప్పటికి అమ్మకి పెళ్లై వేరే చోట ఉంది. పెద్దమ్మ పుట్టింట్లోనే ఉంది. జ్వరం మొదలైన రోజు నుంచి ఆఖరి రోజు దాకా దగ్గరుండి చూసింది ఆమే. కాబట్టి వాళ్లిద్దరి మనసుల్లో ఉన్న తమ్ముడు ఒక్కడు కాదు. అమ్మ మనసులో ఉన్నవాడు గొడుగు కింద నిద్రపోయినవాడు. పెద్దమ్మ మనసులో ఉన్నవాడు మంచం మీద దాహం అడిగినవాడు. ఈ తేడాని పట్టించుకోకుండా ఒకరిది మంచి స్వభావం, ఇంకొకరిది దిగులు స్వభావం అని తేల్చేయడం అన్యాయం.

అయినా దుఃఖం ఒకటి, దాని చుట్టూ తిరగడం ఒకటి. పెద్దమ్మ తిరిగిన దారి నాకు బాగా గుర్తు. "ఇంకాస్త ముందు డాక్టర్ని పిలిచి ఉంటే? ఆ మందు వద్దని ఉంటే? నేను ఆ మధ్యాహ్నం నిద్రపోకుండా ఉంటే?" ప్రశ్న మారేది, ప్రశ్న ఆగే చోటు మారేది కాదు. జవాబు లేని ప్రశ్న కాబట్టి మళ్లీ మొదటికొచ్చేది. అలా ఆమెకి నిద్రపట్టని రాత్రులు గడిచేవి. తెల్లారితే ఒంట్లో సత్తువ ఉండేది కాదు, ఎవరైనా పలకరిస్తే విసుగు వచ్చేది. ఆ విసుగు చూసి జనం తప్పుకునేవారు. వాళ్లు తప్పుకుంటే పలకరించే మనిషి లేడన్న మాట నిజమైపోయేది.

ఈ తిరుగుడు మీద ఏళ్లతరబడి పనిచేసిన మానసిక శాస్త్రవేత్త సుసాన్ నోలెన్‌హోక్సెమా. 1989 అక్టోబరు 17న ఉత్తర కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం వచ్చింది. యాదృచ్ఛికంగా, దానికి కొద్దిరోజుల ముందే ఆమె స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల మానసిక స్థితినీ, దిగులు కలిగినప్పుడు వాళ్లు ఏం చేస్తారన్నదాన్నీ నమోదు చేసి ఉంచింది. భూకంపం తర్వాత పది రోజులకీ, ఏడు వారాలకీ మళ్లీ అదే విద్యార్థులను పరిశీలించింది. దిగులు వచ్చినప్పుడు ఆ దిగులునే తవ్వుకుంటూ, నాకే ఎందుకిలా అని ఆలోచిస్తూ ఉండిపోయే అలవాటు ముందునుంచీ ఉన్నవాళ్లలో ఆ తర్వాత కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. భూమి అందరికీ ఒకేలా కంపించింది. మనసులో దాని ప్రకంపనలు ఎంతకాలం సాగాయన్నది మాత్రం అందరికీ ఒకటి కాదు. ఈ పరిశోధన గురించి చదువుతున్నప్పుడు పెద్దమ్మ మీద నాకు కొత్తగా ప్రేమ కలిగింది. ఆమె మొండితనం అనుకున్నది మొండితనం కాదు, మనసు పట్టుకున్న ఒక బాట. ఎవరో చెయ్యి పట్టి పక్కకి నడిపిస్తే తప్ప ఆ బాట వదలడం కష్టం.

మామయ్య ఆఖరి రోజు కథ కాలం గడిచేకొద్దీ మారిందన్న సంగతి మొదట అమ్మే గమనించింది. నా చిన్నప్పుడు పెద్దమ్మ చెప్పినదాన్ని బట్టి డాక్టరు సాయంత్రం వెలుతురుండగానే వచ్చాడు. నేను పెద్దయ్యాక విన్న కథలో ఆయన బాగా పొద్దుపోయాక వచ్చాడు. ఇంకొన్నాళ్లకి అర్ధరాత్రి దాటింది. "అక్కా, దీపాలు పెట్టకముందే వచ్చాడని నువ్వే కదా నాకు ఉత్తరం రాశావు" అని అమ్మ మెల్లగా అంటే, "నీకేం తెలుసు, నువ్వు లేవుగా" అనేది పెద్దమ్మ. అబద్ధం చెప్పడం లేదు ఆమె. అర్ధరాత్రే నిజంగా గుర్తుంది ఆమెకి. తప్పు తనదేనని నమ్మే మనసు, ఆ నమ్మకానికి తగ్గట్టు గడియారం ముల్లుని కొద్దికొద్దిగా తిప్పుతూ వచ్చింది.

గుర్తుచేసుకోవడమంటే దాచిన వస్తువుని ఉన్నదున్నట్టు బయటికి తీయడం అనుకుంటాం. 2000లో కరీమ్ నాడర్, న్యూయార్క్‌లోని ఆయన సహచరులు ఎలుకల మీద చేసిన ప్రయోగం ఆ నమ్మకాన్ని బలంగా కుదిపింది. స్థిరపడిపోయిన భయపు జ్ఞాపకం కూడా, మళ్లీ గుర్తుకొచ్చిన వెంటనే కొంతసేపు మెత్తబడుతుందనీ, మెదడు దాన్ని మళ్లీ భద్రపరచుకోవలసి వస్తుందనీ వాళ్లు చూపించారు. మనుషుల బతుకు జ్ఞాపకాలు అంతకన్నా చిక్కైనవే. అయినా పెద్దమ్మ కథ ఏటేటా చీకట్లోకి జరగడం చూసినవాడిగా, తలుచుకున్న ప్రతిసారీ జ్ఞాపకం మన ఆనాటి మనసు రంగు పులుముకుంటుందని నేను నమ్ముతాను. దిగులుగా ఉన్న రాత్రి తలుచుకున్నది ఇంకాస్త దిగులుగా మారి లోపలికి వెళుతుంది. పెద్దమ్మని ఏళ్లతరబడి బాధించింది మామయ్య పోయిన ఆ ఒక్క రోజే కాదు, దాన్ని తలుచుకుంటూ గడిపిన వేల రాత్రులు కూడా.

నా సంగతికి వస్తాను. నాన్న పోయాక ఆయన ఇనప్పెట్టెలో డైరీలు దొరికాయి. ఏడాదికొకటి, పొట్టి పొట్టి వాక్యాలు. నాకు ఒక సంవత్సరం ఎప్పుడూ బంగారు కాలంగా గుర్తుండేది. నేను హైస్కూల్లో చేరిన సంవత్సరం. ఆ వేసవిలో రోజూ రాత్రి మేడమీద పడుకునేవాళ్లం. నాన్న నక్షత్రాలు చూపించేవారు. అక్క రేడియో పక్కనే పెట్టుకుని, దాంతో పాటు తక్కువ గొంతుతో పాడేది. ఇప్పటికీ ఉక్కపోతగా ఉన్న రాత్రి ఆ మేడ తలుచుకుంటే ఒంటికి గాలి తగిలినట్టుంటుంది. ఆ ఏడాది డైరీ కోసం మిగతావన్నీ పక్కకి జరిపి వెతికాను.

నాన్న రాసుకున్నది వేరే. అమ్మకి ఒంట్లో బాగాలేదు, పరీక్షల ఫలితం కోసం ఎదురుచూస్తున్నాం. బదిలీ అవుతుందేమోనని భయంగా ఉంది. పిల్లాడికి జ్వరం, మూడో రోజు. అప్పు తీర్చమని మళ్లీ కబురు. ఒకచోట మాత్రం ఉంది: "రాత్రి మేడమీద పడుకున్నాం. గాలి బాగుంది." అంతే. నేను ఏళ్లతరబడి కాపురం ఉన్న ఆ వేసవి నాన్న డైరీలో ఒక్క వాక్యం. మిగతా పేజీలన్నీ ఆయన మోసిన బరువు.

నాకు బాధ కలగలేదు. నా మేడ అబద్ధమైపోలేదు, గాలి బాగుందని నాన్న కూడా రాశారు కదా. ఒక విషయం మాత్రం అర్థమైంది. నేను ఇన్నాళ్లూ నా ఇవాళ్టి రోజుని పోల్చి చూస్తున్నది ఆ సంవత్సరంతో కాదు, ఆ సంవత్సరాన్ని జల్లెడపట్టగా మిగిలినదానితో. ఇవాళ్టిది రాళ్లతో, మట్టితో కలిపి చేతిలో ఉంది. నిన్నటిది జల్లించి ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి ఏది బాగుందని అడిగితే ఇవాళ్టిది ఎప్పటికీ గెలవదు.

ఇలా అందరికీ జరుగుతుంది. 1997లో టెరెన్స్ మిచెల్, లీ థాంప్సన్, వాళ్ల సహచరులు అచ్చువేసిన పరిశోధనలో మూడు వారాలపాటు కాలిఫోర్నియాలో సైకిళ్ల మీద తిరిగిన విద్యార్థులున్నారు. యాత్రకి ముందు వాళ్లు ఊహించుకున్న ఆనందం ఎక్కువ. తర్వాత గుర్తుచేసుకున్న ఆనందమూ ఎక్కువ. తొక్కుతున్నప్పుడు వాళ్లు చెప్పినది మాత్రం ఆ రెండిటికన్నా తక్కువ. అలసట, చిన్న చిన్న నిరాశలు యాత్ర అయిన కొద్దిరోజులకే వెనక్కి తగ్గాయి. సాధారణంగా చేదు జ్ఞాపకాల ఘాటు, తీపి జ్ఞాపకాల ఘాటుకన్నా త్వరగా తగ్గుతుందని కూడా పరిశోధకులు గమనించారు. మనసు చేసే మేలే ఇది. ఈ మేలు లేకపోతే ఎవరూ రెండోసారి ప్రయాణం కట్టరు, తగువాడిన స్నేహితుడి ఇంటి గడప మళ్లీ తొక్కరు. అయితే ఆ మేలునే ఇవాళ్టి మీద తీర్పు చెప్పడానికి వాడుకుంటే అది కీడవుతుంది. దిగులు అలవాటైన మనసులో ఈ జల్లెడ సరిగ్గా పనిచేయదని కూడా తెలిసింది. పెద్దమ్మ విషయంలో అదే జరిగిందేమో.

ఏదీ మరిచిపోకుండా ఉంటే బాగుంటుందని నేను చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అమెరికాలో జిల్ ప్రైస్ అనే ఆమెకి ఆ వరం నిజంగానే ఉంది. 1980 నుంచి ప్రతి రోజూ ఏం జరిగిందో ఆమె చెప్పగలదు. 2000లో ఆమె జేమ్స్ మెక్‌గా అనే జ్ఞాపకశక్తి నిపుణుడికి రాసింది గొప్పలు చెప్పుకోవడానికి కాదు, సాయం అడగడానికి. పాత రోజులు తెర మీద బొమ్మల్లా ఆగకుండా కదులుతూనే ఉంటాయనీ, అది తనకి భారమనీ, అలసిపోతున్నాననీ చెప్పుకుంది. ఆమె గురించి మెక్‌గా బృందం 2006లో ప్రచురించింది. పాత మాట, పాత అవమానం, పాత తప్పు పదును పోకుండా ఉండిపోవడం ఎంత కష్టమో ఊహించుకుంటే, మరిచిపోగలగడం ఎంత దయగల ఏర్పాటో తెలుస్తుంది.

అలాగని గతాన్ని తలుచుకోవడమే జబ్బు అనేవాళ్లతో నేను ఏకీభవించను. నిజంగానే ఒకప్పుడు జబ్బన్నారు. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో, ఇంటికి దూరమైనవాళ్ల బెంగని ఒక వ్యాధిగా వర్ణిస్తూ సిద్ధాంత వ్యాసం రాశాడు. మూడు శతాబ్దాల తర్వాత బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో కాన్‌స్టాంటైన్ సెడికిడీస్, టిమ్ విల్డ్‌షుట్ చూపించినది దీనికి దాదాపు తలకిందులు. 2006లో వెలువడిన వాళ్ల పరిశోధన ప్రకారం ఒంటరితనం, దిగులు కమ్మినప్పుడు మనిషి పాత రోజుల వైపు తిరుగుతాడు. ఆ జ్ఞాపకాల్లో సాధారణంగా అయినవాళ్లుంటారు. వాళ్లని తలుచుకున్నాక తనకూ మనుషులున్నారన్న భావన, తన మీద తనకి గౌరవం పెరుగుతాయి. అమ్మలో నేను చూసింది సరిగ్గా ఇదే. నాన్న పోయిన ఏడాది ఆమెని నిలబెట్టింది ఆ పాత ఇంటి కబుర్లే. మరి అదే ఇంటి కబుర్లు పెద్దమ్మకి ఎందుకు పనిచేయలేదు?

చాలాకాలం నాకు జవాబు దొరకలేదు. ఇద్దరి మాటతీరు మళ్లీ మళ్లీ గుర్తుచేసుకుంటే ఒకటి తట్టింది. అమ్మ చెప్పేవి ఒక్కొక్క సంఘటన. ఒక రాత్రి, ఒక గొడుగు, ఒక గిన్నె చప్పుడు. పెద్దమ్మ చివరికి చేరేది ఎప్పుడూ ఒక మొత్తానికి. ఆ రోజులే వేరు. అందరూ పోయారు. అప్పట్లో అంతా బాగుండేది. ఒక సంఘటనకి మొదలూ చివరా ఉంటాయి. చెప్పడం అయ్యాక లేచి వేరే పని చూసుకోవచ్చు. 'ఆ రోజులు' అనేదానికి అంచు లేదు, అందులోంచి లేచి రావడానికి గుమ్మం కనపడదు.

1986లో మార్క్ విలియమ్స్ బృందం బ్రిటన్‌లో ఒక చిన్న పరీక్ష పెట్టింది. ఆత్మహత్యకు ప్రయత్నించి బయటపడినవారికి సంతోషం లాంటి ఒక్కో పదం చెప్పి, దానికి సంబంధించి ఏదైనా ఒక రోజు జరిగిన సంఘటన చెప్పమన్నారు. వాళ్లలో చాలామంది ఒక సంఘటన దగ్గరికి చేరలేకపోయారు. నాన్నతో ఉన్నప్పుడు బాగుండేది, ఇలాంటి పొడిమాటల దగ్గరే ఆగిపోయారు. కుంగుబాటులో ఉన్నవాళ్లలో ఈ ధోరణి తర్వాతి పరిశోధనల్లోనూ కనిపించింది. అందువల్లనే నిర్దిష్టంగా గుర్తుచేసుకోవడాన్ని సాధన చేయించే చికిత్సలు కూడా వచ్చాయి. ఈ సంగతి నేను చదివేనాటికి అమ్మ లేదు. పెద్దమ్మ ఇంకా ఉంది.

అన్నయ్యకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వాడు పరిశోధనల సంగతి పెద్దగా పట్టించుకోలేదు కానీ, "అయితే ఏం అడగమంటావు?" అన్నాడు. ఎందుకు అని అడగకు, ఎవరు, ఎక్కడ, ఎలా అని అడుగు అన్నాను. ఉయ్యాల తాడు ఎవరు కట్టారు? మేడ మెట్లు ఎన్ని? తాతయ్య అక్షరాలు దిద్దించేటప్పుడు ఎటు కూర్చునేవారు? వాడు రోజూ కాసేపు తల్లి పక్కన కూర్చుని, సెల్‌ఫోన్‌లో రికార్డు చేస్తూ అడగడం మొదలుపెట్టాడు.

మొదట్లో ఆమె పాత ధోరణిలోనే జవాబిచ్చింది. "ఏముందిరా, అన్నీ పోయాయి." వాడు ఓపికపట్టాడు. తాడు కొబ్బరి పీచుదా, నూలుదా అని అడిగాడు. ఆమె ఆగింది. రికార్డింగులో ఆ విరామం వినిపిస్తుంది. తర్వాత, "నూలుదే. చేతులు కోసుకుపోతాయని నాన్న మెత్తటిది తెప్పించారు. కట్టేటప్పుడు నేనే నిచ్చెన పట్టుకున్నా" అంది. ఆ 'నేనే'లో ఉన్న గొంతు నేను చాలా ఏళ్లుగా వినలేదు. బాధపడే మనిషి గొంతు కాదది, పని చేసిన మనిషి గొంతు.

కొన్ని వారాల తర్వాత వానరాత్రి కథ వచ్చింది. ఈసారి అమ్మ లేదు కాబట్టి పెద్దమ్మ ఒక్కతే చెప్పాల్సి వచ్చింది. అందులో అమ్మ ఎప్పుడూ చెప్పని ముక్క ఒకటుంది. "ఆ గొడుగు నాది. వాడు భయపడుతున్నాడని నేనే విప్పి వాడి చేతిలో పెట్టా. నిద్రపోయాక చెయ్యి నొప్పెడుతుందని నేనే పట్టుకుని కూర్చున్నా తెల్లారేదాకా." అన్నయ్య ఏమీ అనలేదు. పెద్దమ్మే మళ్లీ అంది, "వాణ్ణి బాగానే చూసుకున్నానురా నేను."

ఇది విని ఆమె బాధంతా తీరిపోయిందని చెప్పను. అర్ధరాత్రి డాక్టరు కథ ఆ తర్వాత కూడా వచ్చింది. కానీ అదొక్కటే కాకుండా పోయింది. దాని పక్కన తాడూ నిచ్చెనా గొడుగూ వచ్చి చేరాయి. ఇంకొక మార్పు అన్నయ్య చెప్పాడు. రికార్డింగు ఆపాక ఆమె, "నువ్వు తిన్నావా? పిల్లలు బడి నుంచి వచ్చారా?" అని అడగడం మొదలుపెట్టిందట. ఇది చెబుతున్నప్పుడు వాడి గొంతు బొంగురుపోయింది. గుమ్మం నుంచి వెనక్కి తిరిగిన ఆనాటి అన్నయ్యని నేను చూశాను కాబట్టి ఆ ప్రశ్న విలువ నాకు తెలుసు.

అమ్మకి ఈ ఇవతలికి రావడం సహజంగా వచ్చేది. ఎంత రసవత్తరమైన కథలో ఉన్నా మనవరాలు పరిగెత్తుకొస్తే, "ఆగండి, ఇది తర్వాత చెబుతా" అని చేతులు చాచేది. ఆ పిల్ల చూపించే రంగురాయినో బొమ్మనో, వానరాత్రిని చూసినంత శ్రద్ధగానే చూసేది. 2010లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2,250 మందిని రోజులో వేరువేరు సమయాల్లో ఫోన్ ద్వారా పలకరించి, ఏం చేస్తున్నారు, మనసు ఎక్కడుంది, ఎలా ఉన్నారు అని అడిగారు. దాదాపు 47 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి. మనసు హాయైన ఆలోచనల్లోకి వెళ్లినప్పుడు కూడా, చేతిలోని పని మీద ఉన్నప్పటికన్నా వాళ్లు ఎక్కువ సంతోషంగా లేరు. అమ్మకి ఇవేవీ తెలియవు. తీపి గతాన్ని కూడా మధ్యలో ఆపి ఇవతలికి రావచ్చని మాత్రం ఆమెకి తెలుసు.

నలభై దాటినవాళ్లని బతుకు జ్ఞాపకాలు చెప్పమంటే పది నుంచి ముప్పై ఏళ్ల మధ్యవే ఎక్కువగా వస్తాయని పరిశోధకులు చెబుతారు. మొదటిసార్లన్నీ, తేల్చుకోవడాలన్నీ అప్పుడే జరుగుతాయి కాబట్టి కావచ్చు. నాకు ఆ వయసు దాటి చాలా కాలమైంది. వయసు పెరిగేకొద్దీ నా మేడ నన్ను ఇంకా గట్టిగా పిలుస్తుందని తెలుసు. పిలిస్తే వెళతాను. నాన్న డైరీ తీసుకుని వెళతాను.

మా ఇంట్లో పాతతరంలో ఇప్పుడు మిగిలింది మేనత్త ఒక్కతే. నాన్నకి చెల్లెలు. అన్నయ్యని చూసి నేనూ ఆమె దగ్గరికి వెళ్లి కూర్చుని ప్రశ్నలు అడుగుతున్నాను. నాన్న సైకిల్ ఎలా నేర్చుకున్నారు, మొదటి జీతం రోజు ఇంటికొచ్చి ఎవరితో ఏమన్నారు. మొన్న వెళ్లినప్పుడు రెండు మూడింటికి వివరంగా చెప్పి, ఫోన్ నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టేసింది. "ఇవాల్టికి మీ నాన్న సంగతులు చాలు. నీ సంగతి చెప్పు. ఆఫీసులో ఆ గొడవ తేలిందా లేదా?" అంది. తేలలేదు అత్తయ్యా అని మొదలుపెట్టాను. మధ్యమధ్యలో ఆపి, ఎవరేమన్నారో, నేనేమన్నానో అడిగి మరీ తెలుసుకుంది. ఆ పూటంతా మాకు ఆ కబుర్లే సరిపోయాయి.